పంకవీర ప్రశస్తి

టెక్సాసు రాష్ట్రమున డల్లాసు మహానగరమునకు ఉత్తరముగా విస్తరించిన ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ మున్నగు పురములందు, ఏప్రిలు మే మాసములలో ఉఱుములతో పిడుగులతో వాన కురిసి వెలిసిన మఱునాడు, వారమంతయు కంప్యూటరు తెరయెదుట కూర్చుండి నడుము పట్టిన గృహస్థులు కొందఱు, పాత కారొకటి కొనదగినంత ధనము పోసి కొన్న మౌంటెన్ బైకులను కొత్త కారు వెనుక కట్టుకొని, నేడు మూసివేయబడినదని ఎఱ్ఱగుర్తు పెట్టిన అడవిబాటలపైకి దండయాత్ర వెడలుదురు. వీరిలో తెల్లవారు కలరు, మెక్సికో సంతతివారు కలరు, మన తెలుగువారును చెప్పుకొనదగినంతమంది కలరు. బురదకు జాతిభేదము లేదు గనుక సాయంకాలము తిరిగివచ్చునప్పటికి అందఱును ఒకే వర్ణమువారై యుందురు. నఖశిఖపర్యంతము నల్లని అడుసు పూసుకొని, పలువరుస మాత్రము తెల్లగా మెఱయ, సైకిలును ప్రక్క నిలిపి, స్నానమునకు ముందే ఫొటో తీయించుకొనుట ఈ దండయాత్రలో ప్రధానాంగము. స్నానానంతరము వీరుడు మరల ఉద్యోగి యగును గదా!

మన ఆలంకారికులు వీరరసమును దానవీరము, ధర్మవీరము, యుద్ధవీరము, దయావీరము అని నాలుగు విధములుగా విభజించి అంతటితో ఆగిపోయిరి. ఆ మహానుభావుల కాలమున డిస్కు బ్రేకులు లేకపోవుటచేత కలిగిన లోపమిది. దానిని పూరించి, అయిదవదియగు పంకవీరమును శాస్త్రమున చేర్చుట మన తరమువారి విధి. దీనికి స్థాయీభావము యథాపూర్వము ఉత్సాహమే. ఆలంబనము అడుసు. బాట మొదట నాటిన నిషేధపు పలక ఉద్దీపనము. పలక యెంత పెద్దదైన ఉత్సాహమంత వర్ధిల్లును. చెక్కిళ్ళపై చిమ్మిన మచ్చలు అనుభావములు. గర్వము సంచారిభావమని శాస్త్రము చెప్పుచున్నను, ఈ వీరులయందు అది సంచరించుట మాని స్థిరనివాస మేర్పఱచుకొన్నట్లు తోచుచున్నది.

పంకవీరుని వాదములలో అగ్రతాంబూలము యంత్రవాదమునకే చెల్లును. “ఈ బండి దేనికొఱకు చేసినారు? ఈ టైర్లకు ఇన్ని ముళ్ళేల? ఈ సస్పెన్షనేల, ఈ బ్రేకులేల? బురదకొఱకు కాదా?” అని అతడు నిలదీయును. వ్యాపారప్రకటనలన్నియు అతని పక్షముననే సాక్ష్యము పలుకును. వానిలో సైకిలు పరుగిడునప్పుడెల్ల ఇరుప్రక్కల బురద రెక్కలవలె లేచుచునే యుండును, అట్లు లేచిన బురదను మఱునాడు పార పట్టి సవరించువాని బొమ్మ మాత్రము ఎచ్చటను కానరాదు. చరిత్రను అడిగినచో వేఱుమాట చెప్పును. ఈ క్రీడకు పురుడు పోసినది కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో టమల్‌పాయిస్ కొండ పరిసరము. అచ్చటి యువకులు కొందఱు పాతకాలపు బరువు సైకిళ్ళను సంపాదించి, అగ్నిమాపక దళముకొఱకు వేసిన మట్టిరోడ్డుపై పందెము కట్టి దిగిన మొదటి పోటీ 1976 అక్టోబరులో జరిగెను. ఆ బాటకు రీప్యాక్ అని పేరు. వెనుకచక్రపు హబ్బులోని బ్రేకు కాగి, అందలి గ్రీజు పొగయై పోవుచుండుటచేత, ఒకమాఱు దిగినపిమ్మట గ్రీజును మరల దట్టింపవలసివచ్చుటవలన కలిగిన పేరది. మూలపురుషులను వేధించినది ధూళియు పొగయును గాని బురద కాదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

అయినను యంత్రవాదమును యంత్రముచేతనే పరీక్షింపవచ్చును. తడిసిన డల్లాసు బంకమట్టిమీద ముళ్ళటైరు కొన్ని గజములు సాగునంతలో ముళ్ళసందులన్నియు పూడిపోయి, టైరు నున్నని నల్లని దిండై, తనకు తానే మన్ను చుట్టుకొనుచు లావెక్కసాగును. పిదప ఆ మన్ను ఫోర్కునకును చక్రమునకును నడుమ ఇఱికి గట్టిపడును, చక్రము తిరుగదు. వీరుడు బలముకొలది పెడలును త్రొక్కును. త్రొక్కినచో గేరు మార్చు డిరెయిలరు మన్నుతో బిగిసి వెనుకకు లాగబడి, దానిని మోయుచున్న చిన్న లోహపు కొక్కెము టక్కున విఱుగును. ఇసుక కలసిన నీరు బ్రేకు ప్యాడ్లను ఒక్క పూటలో కొఱికివేయుటయు కలదు. మిగిలినదానిని ఇంటికి వచ్చినపిమ్మట అతడే, బలమైన నీటిధారతో కడుగు నెపమున బేరింగులలోనికి నీరెక్కించి, పూర్తిచేయును. ఏమైన కొక్కెము విఱిగిన క్షణమునుండి పాత్రలు తాఱుమాఱగును: వాహనము నెక్కి వెడలినవాడు వాహనమును భుజముపై మోయుచు, జిగటలో బూటు ఊడిపోగా ఒంటికాలితో గెంతుచు, కారు నిలిపిన చోటికి వెదకికొని వచ్చును. ఈ ఘట్టమునకు ఫొటో ఉండదు.

ఆ మట్టి సామాన్యమైనది కాదు. హ్యూస్టన్ బ్లాక్ అని దాని పేరు; టెక్సాసువారు దానిని తమ రాష్ట్రమృత్తికగా గౌరవించుకొనుచున్నారు. సుమారు 15 లక్షల ఎకరములమేర వ్యాపించిన ఈ నల్లనేలయందు స్మెక్టైటు జాతి బంక మెండు. తడిసినచో ఉబ్బును, ఎండినచో ముడుచుకొని నెర్రెలు విచ్చును. ఒకప్పుడు ఆ ప్రాంతమంతయు ప్రత్తిసీమ. మన గుంటూరు, ప్రకాశము, కర్నూలు, ఆదిలాబాదు జిల్లాల నల్లరేగడియు ఈ కుటుంబమునకే చెందినది. భూమిశాస్త్రజ్ఞులు రెంటిని వర్టిసాల్ అను ఒకే తరగతిలో చేర్చిరి. ఆ జిల్లాలనుండి వచ్చి ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కొన్న యువకుని తాత, వాన వెలిసిన మఱునాడు అరక కట్టుమని యెవడైన అన్నచో వానికి మతి తప్పినదని నిశ్చయించెడివాడు. తాత గట్టుమీద కూర్చుండును, చుట్ట కాల్చును, దోసెడు మన్ను తీసి పిడికిట నొక్కి చూచును, చేతికి అంటుకొన్నచో మరియొక చుట్ట ముట్టించును. పదును వచ్చువఱకు ఎద్దునుగాని పాలేరునుగాని పొలములో దిగనీయడు. తడిలో దున్నినచో చాలు చాలంతయు బెడ్డలు లేచి, ఎండ తగిలిన పిమ్మట అవి గునపమునకును లొంగవని అతనికి ఏ విశ్వవిద్యాలయమును చెప్పలేదు. మనుమడు విశ్వవిద్యాలయములు రెండింట చదివినాడు.

“నా ఒక్క టైరుతో నేల కేమి తఱుగును?” అనునది రెండవ వాదము. అందఱును నీవలెనే అనుకొన్నచో ఏమగునని దీనికి బదులు చెప్పుట పెద్దల వాడుక. నేను ఆ మాటను వాడను, అక్కఱలేదు గనుక. ఒక్క టైరే చాలును. బాటను నిర్మించువారు దానిని కొండవాలునకు అడ్డముగా త్రవ్వి, దిగువ అంచు కొంచెము వ్రాలునట్లు చదును చేయుదురు. పైనుండి వచ్చిన నీరు బాటవెంబడి నడువక, అడ్డముగా దాటి గడ్డిలోనికి జాఱిపోవలెనని ఆ శిల్పముయొక్క తాత్పర్యము. మెత్తని నేలలో చక్రము దిగబడి సాగిన చోట రెండంగుళముల గాడి యేర్పడును. ఆపైన నీటికి అడ్డముగా దాటవలసిన పని లేదు. దానికొఱకే కాలువ తీసి యిచ్చిన పుణ్యాత్ముడొకడు దొరకినాడు. గాడివెంబడి పల్లమునకు పరుగెత్తుచు, పరుగెత్తినకొలది మన్నును కోసికొని పోవుచు, అడుగు చేరిన చోట మడుగు కట్టును. వాన తెఱపి యిచ్చినపిమ్మట టెక్సాసు ఎండ తన పని తాను చేయును: పచ్చికుండపై పడిన వ్రేలిముద్ర ఆవములో కాలిన పిదప చెఱగనట్లు, ఆ గాడి గట్టిపడి అట్లే నిలుచును. జూలై మాసమున, మబ్బు తునక లేని నాడు, పొడినేలపై న్యాయముగా వచ్చిన యొక బాలిక ముందుచక్రము ఆ గాడిలో చిక్కి బోర్లపడును. వీరుడు ఏప్రిలులోనే ఫొటో తీయించుకొని మఱచిపోయియుండును. వచ్చే వానకు అదే సర్దుకొనునని అతడు చెప్పునట్టి వచ్చే వాన, పైన చెప్పిన విధమున, ఆ గాడిని మఱింత లోతు చేయుటకే వచ్చును. ఇక రెండవ సైకిలువాడు ఆ జాడను చూచి, ఎట్లును చెడినది గదాయని ధైర్యముతో వెంబడించును. తొలిగాడి ఒక్కటియే ఊరందఱికి ఆహ్వానపత్రిక.

విద్యావంతుడగు పంకవీరుడు ఇచ్చట శాస్త్రము నాశ్రయించును. 1994లో ప్రచురితమైన విల్సన్, సీనీ అనువారి మొంటానా పరిశోధన ఒకటి అతనికి కంఠోపాఠము. పాదచారులు, గుఱ్ఱములు, మోటారుసైకిళ్ళు, కొండసైకిళ్ళు కొండబాటలపై పోయినపుడు మన్ను ఎంతెంత కదలునో కొలిచిన ఆ పండితులు, ముందుగా తడిపిన బాటలపై చక్రములకన్న గిట్టలును పాదములును ఎక్కువ మన్నును కదలించినవని తేల్చిరి. ఇది నిక్కము, సైకిళ్ళవారిని అకారణముగా నిందించువారి నోరు మూయింపదగిన మంచి పరిశోధన. అయితే మన వీరుడు దానినుండి తీయు తాత్పర్యము మిక్కిలి విశేషమైనది: పొరుగువాడు నాకన్న పెద్ద దొంగ గనుక నేను దొంగను కానని! గుఱ్ఱము ఎక్కువ చెఱచుననుటకు, చక్రము చెఱుపదనుటకు నడుమ ఎంత దూరమున్నదో ఆ దూరమంతయు అతడు ఒక్క గెంతున దాటును. అడుగుజాడ గుంటయై ఆగిపోవును, చక్రపుజాడ కాలువయై పారునను మాటను గూర్చి అతడు ఆలోచింపడు. తడిబాటపై ఎవరును నడువరాదనునది మొంటానావారు కొలువకపోయినను అందఱికిని తెలిసినదే.

వీరులలో సుకుమారుడొకడు కలడు. ఇతడు మడుగు నడుమనుండి పోడు. బూట్లు తడియునని, పైగా అది బాటకు అపచారమని, ప్రక్కనున్న గడ్డి నంటి సున్నితముగా తొలగి పోవును. ఇతని సౌజన్యమువలననే అడుగున్నర వెడల్పుగల సన్నబాట కొన్ని వానకాలములు గడచునప్పటికి ఎడ్లబండి పట్టునంత రహదారి యగును; గడ్డివేళ్ళు పట్టియుంచిన అంచు నశించును; మడుగునకు ప్రక్క మడుగు, దానికి ప్రక్క మఱియొకటి పుట్టును. అడ్డదిడ్డముగా పోవు మూర్ఖునికన్న ఈ మర్యాదస్థుడు చేయు హాని హెచ్చని బాటల సంరక్షకులు మొత్తుకొనుచున్నారు. నీరు నిలిచిన చోట నడుమనుండియే పోవలెను, లేదా దిగి వెనుకకు తిరుగవలెను. వెనుకకు తిరుగుట యన్నచో వీరుని నిఘంటువున ఆ పదమే లేదు.

ఇంగ్లండును చూపువారు మఱికొందఱు. అచ్చట చలికాలమంతయు బురదలోనే త్రొక్కుచున్నారు గదా, వారికి లేని శౌచము మనకేల యని వీరి ప్రశ్న. దీనికి ఒప్పుకొనవలసినంత ఒప్పుకొనుచున్నాను. ఇంగ్లండు, వేల్సులలో 1968నాటి చట్టము గుఱ్ఱపుబాటలపై సైకిళ్ళకు హక్కిచ్చినది. అచ్చట వాన ఆగువఱకు వేచియున్నచో మనుమల కాలము వచ్చును. అందుకే వేల్సులో కోయెడ్ యి బ్రెనిన్ వంటి తావులందు రాతిపొర పఱచి, ఏ ఋతువునకైన ఓర్చునట్లు బాటలు కట్టిరి. కెనడాలో వాంకూవరునకు ఎగువనున్న నార్త్ షోరు కొండలపై వానలోనే త్రొక్కుట ఆచారము. అచ్చటి నేల నీటిని పీల్చుకొనును, పీల్చని చోట్ల దేవదారుపలకల వంతెనలు కట్టియున్నారు. ఇక దేశకాలపాత్రముల నెఱిగినవారి వరుస వేఱు. వెర్మాంటు రాష్ట్రమున మార్చి ఏప్రిలు మాసములలో నేల పైపొర కరగి అడుగుపొర గడ్డకట్టియే యుండును గనుక కరగిన నీటికి పోవు దారి లేదు. ఆ దినములను వారు బురదకాలమనియే లెక్కించి, బాటలు మూసికొని, వేసవి మొగము చూపువఱకు ఓపికపట్టుదురు. ఐడహోలోని బోయిసీ నగరమువారు శీతకాలమున తెల్లవారుజామునే లేచి, నేల రాయిగా గడ్డకట్టియుండగా కొండలపై తిరిగి, ఎండ మంచును కరగించులోపల ఇల్లు చేరుదురు. ఇసుకపాలు హెచ్చగు బాటలేవో, బంకబాటలేవో వారికి కరతలామలకము. వీరందఱు అడుగునది నేలను. మన పంకవీరుడొక్కడే కంపెనీవాని నడుగును.

డల్లాసు పరిసరములందే ఈ భేదము నెఱిగి మసలుకొనుటకు చోటు లేకపోలేదు. గ్రేప్‌వైన్ సరస్సు ఒడ్డునగల నార్త్‌షోర్ బాటలో రాయియు ఇసుకయు హెచ్చు. వాన వెలిసినపిమ్మట అది త్వరగా ఆఱును. మెకిన్నీలోని ఎర్విన్ పార్కు, గార్లండులోని రౌలెట్ క్రీకు బాటలు నల్లబంకపై సాగునవి. అవి దినములతరబడి ఆఱవు. ఈ తారతమ్యమును కనిపెట్టి, ఏ బాట నేడు తెఱచినది, ఏది మూసినది అని ప్రకటించుచు, మూసినదానికి ఎఱ్ఱగుర్తును తెఱచినదానికి పచ్చగుర్తును పెట్టుచున్నవారు డోర్బా యనబడు డల్లాస్ ఆఫ్ రోడ్ బైసికిల్ అసోసియేషనువారు. “నేను పన్ను కట్టుచున్నాను, నన్నాపుటకు వీరెవరు?” అని వీరుడు హుంకరించును. నేల కొన్నిచోట్ల నగరములది, గ్రేప్‌వైన్ ఒడ్డున సైన్యపు ఇంజనీరింగు దళమువారిది, పన్ను ఆ లెక్కకు చేరుననుట నిజమే. గాడులు పూడ్చు చేతులు మాత్రము ఏ లెక్కకును చేరవు. అవి వాననీటికి దారి తీయుటకు శనివారపు నిద్ర మానుకొని వచ్చు స్వచ్ఛంద సేవకులవి.

పంకవీరుడు తన కాలిక్రింది మన్నును మాత్రమే కాదు, తన కులము క్రింది మన్నును కూడ త్రవ్వుచున్నాడు. కొండసైకిలు పుట్టిన మెరిన్‌లోనే సన్నబాటలలో అధికభాగము ఏండ్లతరబడి సైకిళ్ళకు నిషిద్ధమైపోయినది. దేశమున అరణ్యసంరక్షణ చట్టముక్రిందనున్న నేలలపై 1984నుండి సైకిలుచక్రము మోపరాదు. ఈ నిషేధములకు హేతువులు అనేకములు, వానిలో న్యాయములు కొన్ని, అన్యాయములు కొన్ని. నడచువారికిని గుఱ్ఱపువారికిని సైకిళ్ళపైనున్న కంటగింపు ఒక హేతువు. ఆ కంటగింపుగలవాడు నగరసభకు పోవునప్పుడు చేత పట్టుకొనవలసిన సాక్ష్యమును ఎవరు సమకూర్చుచున్నారు? ఆ ఫొటోను తీసి, పదిమందికి చూపి, తేదీతో సహా భద్రపఱచి యుంచినవాడు మన వీరుడే. ప్రత్యర్థికి కెమెరా ఖర్చుకూడ లేకుండ చేసిన ఉదారుడు. దానవీరమును పంకవీరమునందే అంతర్భవింపజేసినాడేమో!

విచిత్ర మేమనగా, వేచియున్నవానికి లభించు సుఖము ఈతనికి లభింపదు. వాన వెలిసి, నల్లనేల ఆఱి ఆఱక, పిడికిట నొక్కినచో ముద్దకట్టి చేతికి అంటనప్పుడు, అనగా తాత చుట్ట పాఱవేసి అరక కట్టించునట్టి పూట, బాటపై టైరు పట్టు అద్భుతముగా నుండును. ధూళి లేవదు, చక్రము జాఱదు, మలుపునందు ఎంత వంగినను నేల ఆదుకొనును. సైకిలువారు దానిని హీరో డర్టని పేర్కొని, ఆ పూటకై కార్యాలయములకు అసత్యకారణములు చెప్పి సెలవు పెట్టుదురు. పంకవీరునికి ఆ దినమున బండి ఉండదు. కొక్కెము తెప్పించుటకు బజారునకు వ్రాసినాడు, బేరింగులు దుకాణములో నున్నవి, ప్యాడ్లు రావలసియున్నవి.

ఆ పదునే పారపట్టువారికిని అనుకూలము. మఱీ ఎండిన మన్ను త్రవ్వుటకు లొంగదు, మఱీ తడిసినది అణచుటకు లొంగదు. చెమ్మ తగుమాత్రముండగా గాడిని పూడ్చి, మడమతో త్రొక్కి, అంచును వాల్చి సవరింతురు. అందుచేత వానలు వెలిసిన వెనుక ఒక శనివారము ఉదయము డోర్బావారు పారలు, గొడ్డళ్ళు, మెక్లౌడ్ పనిముట్లు పేర్చి, కాఫీ కాచి, ఎవరైన రావచ్చునని పిలుతురు. బురద అచ్చట కావలసినంత. ఎంత పూసికొన్నను అడ్డు చెప్పువారు లేరు. ఫొటో తీయుటకును మనుష్యులుందురు. తాతకు ఈ సంగతి తెలిసినచో విమానమెక్కి వచ్చియుండును. మనుమడు మాత్రము ఆ ఉదయము తనకు వేఱు పనియున్నదని కబురు చేసినాడు. సైకిలు కడుగుకొనవలెనట.